మిర్-34ఏ వెంట నాలుగు నెలలు: పెద్దపేగు క్యాన్సర్ స్టెమ్ సెల్స్ ప్రాజెక్టు డైరీ

జూన్ 10

ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీలు, వాల్యూములు, బ్యాచ్ నంబర్లు అన్నీ ఉంటాయి గానీ ఎందుకు అలా చేసాం, ఎక్కడ బుర్ర తిరిగిపోయింది, ఏది చూసి దారి మార్చుకున్నాం అన్నది ఎక్కడా ఉండదు, అందుకే ఇది వేరేగా రాసుకుంటున్నా. తర్వాత ఎవరైనా ఇదే పని మొదలెడితే వాళ్ళకి పనికొచ్చేది ఈ భాగమే అని నా నమ్మకం.

పని ఏంటంటే, పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో స్టెమ్ సెల్స్‌లా (అంటే తమలాంటివాటినీ, వేరే రకం కణాల్నీ పుట్టించగలిగేలా) ప్రవర్తించే కొన్ని ఉంటాయి కదా, వాటిల్లో మిర్-34ఏ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉంది, దాన్ని పెంచితే ఆ కణం మారుతుందా లేదా అని చూడటం. మన జీనోమ్‌లో ప్రోటీన్ తయారీకి పనికొచ్చే భాగం దాదాపు 2 శాతమే, మిగతాదాంట్లో చాలా భాగం నుంచి కూడా ఆర్‌ఎన్‌ఏ తయారవుతూనే ఉంటుంది. ఒకప్పుడు దాన్ని చెత్త అనేవాళ్ళు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ ఒక మిల్లీమీటరు పొడుగుండే నులిపురుగులో లిన్-4 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఇంకో జీన్ నోరు ఎలా మూయిస్తుందో చూపించారు, 2024లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే ఇంచుమించు 22 అక్షరాల (న్యూక్లియోటైడ్ల) గొలుసు అంతే. 200 అక్షరాలు దాటినవి లాంగ్ నాన్-కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు. ఈ రెండు రకాలూ మా పనిలోకి వస్తాయి.

ఇందులోకి నేనెందుకు వచ్చానో కూడా రాసెయ్యాలి. మా మావయ్యది గాజువాక. పెద్దపేగు క్యాన్సర్ అని తెలిసింది, ఆపరేషన్ అయ్యింది, 12 సైకిల్స్ కీమో అయ్యింది, స్కాన్ శుభ్రంగా వచ్చింది, ఇంట్లో సత్యనారాయణ వ్రతం కూడా చేయించారు. ఏడాదిన్నరకి లివర్‌లో కనిపించింది. అత్త నన్ను అడిగింది, "అమ్మలూ, అన్నీ చంపేసారన్నారు కదా, మరి మళ్ళీ ఎలాగొచ్చిందే?" అని. అప్పటికి నేను ఎమ్మెస్సీ అయిపోయిన మనిషిని, నాకు ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం రాలేదు.

జూన్ 17

కణాలు లేచాయి. హెచ్‌సీటీ-116, హెచ్‌టీ-29 అనే పెద్దపేగు క్యాన్సర్ సెల్ లైన్లు (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే కణాలు), రెండూ పూణేలో ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ రిపాజిటరీ నుంచి మా ల్యాబ్‌కి ఎప్పుడో వచ్చినవి, లిక్విడ్ నైట్రోజన్‌లోంచి తీసి మూడో పాసేజ్ (కొత్త ఫ్లాస్కులోకి మార్చడం) దాకా తెచ్చాను. ఈ రెండూ కావాలనే పెట్టుకున్నాం, ఎందుకంటే హెచ్‌సీటీ-116లో పీ53 (కణం దెబ్బతింటే దాని పెరుగుదలని ఆపే జీన్) బాగానే ఉంటుంది, హెచ్‌టీ-29లో పీ53 మ్యుటేషన్‌తో పాడైపోయి ఉంటుంది, మిర్-34ఏని తయారుచేయించే పెద్దమనిషి పీ53యే కాబట్టి తేడా అక్కడే తెలియాలి.

మైకోప్లాస్మా (కల్చర్‌లో కనపడకుండా చేరే అతి చిన్న బ్యాక్టీరియా) టెస్ట్ ముందు చేసాం, నెగెటివ్. ఇది చెయ్యకుండా మొదలెట్టకండి. మైకోప్లాస్మా పట్టిన కణాలు మైక్రోస్కోప్‌లో చక్కగానే కనిపిస్తాయి, మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మబ్బుగా మారదు, కానీ లోపల జీన్లన్నీ వేరేలా నడుస్తుంటాయి, ఆరు నెలల డేటా బూడిదైపోతుంది.

జూన్ 23, సోమవారం

పొద్దున్న ఇంక్యుబేటర్ తెరిచేసరికి ఫ్లాస్కుల్లో మీడియం అంతా ఊదారంగు. శనివారం రాత్రి ఎప్పుడో సీఓటూ సిలిండర్ అయిపోయింది, ఆదివారం ఎవరూ రాలేదు. మీడియంలో ఫినాల్ రెడ్ ఉంటుంది, సీఓటూ తగ్గి పీహెచ్ పెరిగితే ఎర్రది కాస్తా ఊదాగులాబీ అయిపోతుంది, అంటే రంగు చూడగానే సంగతి తెలిసిపోతుంది. కొన్ని కణాలు ఇంకా అంటుకునే ఉన్నాయి గానీ అలా దెబ్బతిన్నవాటితో స్ట్రెస్ మీద ఆధారపడే మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొలవడం తప్పు, పీ53 లేస్తే మిర్-34ఏ కూడా లేస్తుంది కదా. మొత్తం పారేసి మళ్ళీ కొత్త వయల్ తీసాను. ఇకనుంచి శనివారం సాయంత్రం ప్రెషర్ ఎంతుందో గోడమీద రాసి సంతకం పెట్టాలని మా ల్యాబ్ నడిపే మేడమ్ రూల్ పెట్టారు.

జూలై 3

మొదటి స్ఫియర్లు వేసాం. సూత్రం సులువే. మామూలు కణాన్ని అడుగు అంటుకోనివ్వకుండా, సీరం లేకుండా వదిలేస్తే చచ్చిపోతుంది. స్టెమ్ సెల్ గుణం ఉన్నది మాత్రం తేలుతూనే బతికి, విభజన చెంది, గుండ్రటి బంతిలా పెరుగుతుంది. మీడియం డీఎంఈఎం/ఎఫ్12, అందులో బీ27 అనే పోషకాల మిశ్రమం, కణాల్ని పెరిగేలా చేసే ప్రోటీన్లు రెండు: ఈజీఎఫ్ మిల్లీలీటరుకి 20 నానోగ్రాములు, ఎఫ్‌జీఎఫ్ 10 నానోగ్రాములు.

అల్ట్రా-లో అటాచ్‌మెంట్ ప్లేట్లు మా బడ్జెట్‌కి ఎక్కువ, అందుకని మామూలు ప్లేట్లకే కణాలు అంటుకోకుండా చేసే పాలీహీమా పూత వేసుకుంటున్నాం. ఆల్కహాల్‌లో కరిగించి, బావిలో (ప్లేటులో ఉండే చిన్న గుంటలో) పోసి, ఆరబెట్టాలి. ఇక్కడొక చిక్కు ఉంది. ప్రోటోకాల్‌లో రాత్రంతా హుడ్‌లో ఆరనివ్వండి అని ఉంటుంది, ఈ సముద్రపు తేమలో జూలైలో అది ఆరడం అయ్యే పని కాదు, గాల్లో నీళ్ళు పీల్చుకుని పూత తెల్లగా పాల మీగడలా అయిపోతుంది, దానికింద కణాలు కనిపించవు సరికదా అక్కడక్కడా అంటుకుపోతాయి కూడా. 37 డిగ్రీల డ్రై ఓవెన్‌లో సిలికా జెల్ పెట్టి ఆరబెడితే అద్దంలా వచ్చింది. విశాఖలోనో కాకినాడలోనో చేసేవాళ్ళు నేరుగా ఇదే చెయ్యండి.

ఒక్కో బావికి 20,000 కణాలు వేసాం. మూడో రోజుకే పెద్ద పెద్ద బంతులు, జూనియర్ అయితే ఫోన్‌లో ఫోటో తీసి స్టేటస్ పెట్టేసుకుంది.

జూలై 8

ఆర్‌ఎన్‌ఏ తీసాం, కొలిచాం, తేడా లేదు. అడుగుకి అంటుకుని పెరిగిన కణాల్లో మిర్-34ఏ ఎంత ఉందో బంతుల్లోనూ ఇంచుమించు అంతే, సీటీ (పీసీఆర్‌లో సిగ్నల్ ఎన్నో సైకిల్‌కి కనిపించిందో ఆ సంఖ్య) తేడా అర సైకిల్ కూడా లేదు. మూడు సార్లు చేసాం. మేడమ్ చూసి ఏమీ అనలేదు, "ఆ బంతులు ఎలా తయారయ్యాయో చూసావా?" అని మాత్రం అడిగారు. చూడలేదు. మూడో రోజున తయారైపోయినవి చూసాను గానీ తయారవుతుండగా చూడలేదు.

జూలై 9

ఇవాళ సింహాచలం గిరి ప్రదక్షిణ. హనుమంతవాక నుంచి ఎంవీపీ దాకా రోడ్డంతా జనమే, 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళకి ప్రతి మలుపులోనూ మజ్జిగ, పులిహోర. బస్సులు మళ్ళించేసారు, ల్యాబ్‌కి వెళ్ళడం కుదరలేదు, ఇంట్లో కూర్చుని పేపర్లు చదివాను, ఈ ప్రాజెక్టులో ఇంత ఉపయోగపడిన రోజు ఇంకోటి లేదు.

2007లో నేచర్‌లో ఒకేసారి రెండు పేపర్లు వచ్చాయి, కెనడా నుంచి జాన్ డిక్ వాళ్ళది, ఇటలీ నుంచి డి మరియా వాళ్ళది. పెద్దపేగు కణితి నుంచి కణాలు విడదీసి ఎలుకల్లో పెడితే అన్నీ కణితి పుట్టించవు. డిక్ వాళ్ళ లెక్కలో, ఏరకుండా తీసుకున్న కణాల్లో దాదాపు 57,000కి ఒక్కటి. సీడీ133 అనే గుర్తు ఉన్నవాటినే ఏరితే 262కి ఒక్కటి. అంటే ఏరిన తర్వాత కూడా 261 వేరేవి. నేను ఒక బావిలో ఉన్న మొత్తం కణాల్ని కలిపి నూరి ఆర్‌ఎన్‌ఏ తీస్తున్నాను. ఆ ఒక్కదాంట్లో మిర్-34ఏ పూర్తిగా సున్నా అయినా నా సీటీలో కనిపిస్తుందా? గంపెడు బియ్యంలో ఒక్క గింజ నల్లగా ఉందా తెల్లగా ఉందా అని గంపని తూచి చెప్పమన్నట్టు ఉంది.

ఇంకో పేపరు 2013ది, సెల్ స్టెమ్ సెల్ అనే జర్నల్‌లో. ఇదే మా ప్రాజెక్టుకి మూలం, ఇంతకు ముందు చదివాను గానీ ఇవాళే ఎక్కింది. పెద్దపేగు క్యాన్సర్ స్టెమ్ సెల్ రెండుగా విడిపోయినప్పుడు ఒక్కోసారి రెండు పిల్లలూ ఒకేలా ఉండవు, ఒకటి తల్లిలాగే స్టెమ్ సెల్‌గా ఉండిపోతుంది, ఇంకోటి మామూలు కణంగా మారే దారిలో పోతుంది. మొదటిదాంట్లో మిర్-34ఏ తక్కువ, రెండోదాంట్లో ఎక్కువ. మిర్-34ఏ పట్టుకునేది నాచ్1 అనే సిగ్నల్ ప్రోటీన్‌ని తయారుచేయించే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని, నాచ్ సిగ్నల్ ఉన్నది స్టెమ్ సెల్‌గా ఉంటుంది, లేనిది మారిపోతుంది.

దీంట్లో నాకు అందంగా అనిపించింది ఏంటంటే ఇది ఫ్యాన్ రెగ్యులేటర్‌లా కొంచెం కొంచెం తగ్గే వ్యవహారం కాదు, లైటు స్విచ్ లాంటిది. ఎందుకంటే మిర్-34ఏ నాచ్1 ఆర్‌ఎన్‌ఏకి అంటుకుని దాన్ని కట్టిపడేస్తుంది. బిందె నిండేదాకా చుక్క బయటికి రాదు, నిండాక మాత్రం ఎంత పోస్తే అంతా పొర్లిపోతుంది, అలాగన్నమాట. మిర్-34ఏ ఎంతుందో అది బిందె సైజు. నాచ్1 ఆర్‌ఎన్‌ఏ పోసే నీళ్ళు. బిందె పట్టినంతసేపు ప్రోటీన్ దాదాపు ఉండదు, ఒక హద్దు దాటగానే భళ్ళున వస్తుంది. అందుకే పక్కపక్కన ఉన్న రెండు కణాలు మధ్యస్థంగా ఉండకుండా అయితే ఇటు లేకపోతే అటు అయిపోతాయి. ఇలాంటిదాన్ని సగటు తీసి కొలిస్తే ఆ మధ్యలో వచ్చే సంఖ్య ఏ కణానిదీ కాదు.

జూలై 16

మేడమ్ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. ప్లేటు వేసాక గంట గంటకీ ఫోటో తీసాం, నేనూ జూనియరూ వంతులేసుకుని, రాత్రి పదకొండు దాకా. 20,000 కణాలు వేసిన బావిలో నాలుగు గంటలకే కణాలు ఒకదానికొకటి అతుక్కుని మధ్యలోకి చేరిపోయాయి. ప్లేటు చేత్తో పట్టుకుని ఇంక్యుబేటర్ దాకా నడిచేటప్పుడు మీడియం గుండ్రంగా తిరుగుతుంది కదా, పప్పులో నలకలు గిన్నె మధ్యకి చేరినట్టు కణాలు కూడా మధ్యకి చేరిపోతున్నాయి. మర్నాటికి అది ముద్ద. మూడో రోజుకి ముద్ద అంచులు సర్దుకుని బంతిలా కనిపిస్తుంది. మేం స్ఫియర్ అనుకున్నది స్ఫియర్ కాదు, ముద్ద. అందులో స్టెమ్ సెల్ ఉందో లేదో ఎవరికీ తెలియదు, అన్ని రకాలూ కలిసి ఒకదాన్నొకటి కాపాడుకుంటూ బతుకుతున్నాయి.

తేడా ఎలా తెలుస్తుందంటే ముద్ద అంచు ద్రాక్షగుత్తిలా ఎగుడుదిగుడుగా ఉంటుంది, లోపల నల్లగా, చుట్టూ రాలిన కణాలు. ఒకే కణం నుంచి పుట్టిన స్ఫియర్ అంచు సన్నటి వెలుగు గీతలా మెరుస్తుంది, గుండ్రంగా బిగుతుగా ఉంటుంది, కణాల మధ్య గీతలు సరిగా కనపడవు. ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే జన్మలో మర్చిపోరు.

ఇక ఒక్క బావికి ఒక్క కణమే. లేకపోతే మా ప్రశ్నకి అర్థమే లేదు.

జూలై 29

ఫంగస్. వారం రోజులుగా ముసురు, గోడలన్నీ చెమ్మ. 96 బావుల ప్లేట్లు రెండింటిలో దూదిపింజల్లా లేచింది. ఇంక్యుబేటర్ నీళ్ళ ట్రే నుంచే వచ్చి ఉంటుంది. మొత్తం విప్పి, ఆల్కహాల్‌తో తుడిచి, ట్రేలో స్టెరైల్ నీళ్ళు, కాపర్ సల్ఫేట్ వేసాం. పది రోజుల పని పోయింది.

ఆగస్టు 12

పద్ధతి కుదిరింది, వివరంగా రాస్తాను.

కణాల్ని ఆక్యుటేజ్ అనే మెత్తటి ఎంజైమ్‌తో విడదీసాం, ట్రిప్సిన్ ఎంజైమ్ వద్దు, పైనున్న గుర్తుల్ని కొరికేస్తుంది. 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టాం. ట్రైపాన్ బ్లూతో బతికున్నవి లెక్కపెట్టాం. బావికి సగటున ఒకటి కంటే తక్కువ వచ్చేలా పలచన చేసి 96 బావుల్లో వేసాం. రెండు గంటలు ఆగి ఒక్కో బావీ మైక్రోస్కోప్ కింద పెట్టి, కచ్చితంగా ఒక్క కణమే ఉన్న బావులకి మార్కర్‌తో చుక్క పెట్టాం. ఈ చుక్కలు పెట్టడం ప్లేటుకి గంటన్నర పడుతుంది, మెడ పట్టేస్తుంది, అయినా ఇదే మొత్తం ప్రయోగానికి పునాది, దీన్ని దాటవేసిన డేటాని ఇప్పుడు నేను నమ్మను. తర్వాత వారం రోజులు ప్లేటు కదపలేదు. మీడియం మార్చలేదు, పైనుంచి కొద్దికొద్దిగా కలిపామంతే.

తొమ్మిదో రోజు చుక్క పెట్టిన బావుల్లో కొన్నిట్లోనే స్ఫియర్లు ఉన్నాయి. చాలావాటిల్లో ఆ ఒక్క కణం అలాగే ఉంది, లేకపోతే చచ్చి పొడి అయిపోయింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఒకే ఫ్లాస్కులోంచి వచ్చిన అక్కచెల్లెళ్ళే ఇవన్నీ, డీఎన్‌ఏ ఇంచుమించు ఒకటే, అయినా కొన్నే లేచాయి.

స్ఫియర్లని మళ్ళీ విడదీసి మళ్ళీ ఒక్కొక్కటిగా వేసాం. రెండో తరం కూడా వస్తేనే తమని తాము పునరుత్పత్తి చేసుకునే గుణం ఉందని అర్థం. వచ్చింది.

ఆగస్టు 30

ఇప్పుడు కొలవాలి, కానీ ఒక కణంలో మొత్తం ఆర్‌ఎన్‌ఏ 10 నుంచి 30 పికోగ్రాములు. వంద కణాల స్ఫియర్ అంటే ఒకటి నుంచి మూడు నానోగ్రాములు. ట్రైజాల్‌లో వేసి, క్లోరోఫాం కలిపి తిప్పితే అడుగున గులాబీ పొర, మధ్యన తెల్లటి పలుచటి పొర, పైన నీళ్ళలాంటి పొర, ఆ పైదాంట్లోనే ఆర్‌ఎన్‌ఏ. ఐసోప్రొపనాల్ వేసాక ఇంత తక్కువ ఆర్‌ఎన్‌ఏ కంటికి కనపడదు, గ్లైకోజెన్ కలిపితేనే ట్యూబు గోడకి చిన్న తెల్లటి మచ్చలా కూర్చుంటుంది. ఆ మచ్చ ఎటువైపు వస్తుందో తెలియడానికి ట్యూబు మూత కీలు ఎప్పుడూ సెంట్రిఫ్యూజ్‌లో బయటివైపు పెట్టండి. జూనియర్ ఒకసారి మచ్చ కనపడక ఇథనాల్‌తో పాటు పారబోసేసింది, పాపం ఏడ్చేసింది, "అక్కా సారీ అక్కా" అని సాయంత్రం దాకా. నేను కూడా మొదటి ఏడాది రెండుసార్లు పోగొట్టుకున్నానని చెప్పాను, అది నిజమే.

చివరికి చాలా స్ఫియర్లు కలిపి ఒక శాంపిల్ చేసాం. కలిపినా ఫరవాలేదు, ఎందుకంటే ఇవన్నీ ఒక్కో కణం నుంచి పుట్టాయని తెలుసు.

22 అక్షరాల దాన్ని పీసీఆర్‌లో ఎలా పెంచుతారని చాలామంది అడుగుతారు, ప్రైమరే (కాపీ మొదలెట్టే డీఎన్‌ఏ ముక్క) 20 అక్షరాలుంటుంది కదా అని. దానికి స్టెమ్-లూప్ ప్రైమర్ వాడతాం, తలపిన్నులా వంగి ఉంటుంది, కొసన వేలాడే ఆరు అక్షరాలు మైక్రో ఆర్‌ఎన్‌ఏ చివరకి అతుక్కుంటాయి, అక్కణ్ణుంచి కాపీ పొడుగవుతుంది, అప్పుడు మామూలు పీసీఆర్‌కి సరిపడా పొడుగు వస్తుంది.

రిఫరెన్స్‌గా, అంటే అన్ని శాంపిళ్ళలో ఒకేలా ఉంటుందనుకుని పోల్చుకునే ఆర్‌ఎన్‌ఏగా, యూ6 ఒక్కటే వాడేవాళ్ళం. కానీ స్ఫియర్లలో యూ6 సీటీయే మారిపోతోంది, కణాలు నెమ్మదిగా పెరిగే చోట అది నిలకడగా ఉండదు. కొలబద్దే సాగుతుంటే కొలత ఏం నమ్ముతాం? ఆర్‌ఎన్‌యూ48 కూడా కలిపి రెండింటి సగటుతో లెక్కేసాం.

ఫలితం: హెచ్‌సీటీ-116లో ఒకే కణం నుంచి పుట్టిన స్ఫియర్లలో మిర్-34ఏ, అడుగుకి అంటుకున్నవాటి కంటే రెండు సైకిల్స్ ఆలస్యంగా వచ్చింది. ఒక్క సైకిల్ అంటే రెండు రెట్లు, అంటే నాలుగో వంతు. మూడు రిపీట్లలోనూ అదే దిక్కు. జూలై 8న వచ్చిన సున్నాకి కారణం ముద్దలే.

సెప్టెంబర్ 9

పాజిటివ్ కంట్రోల్. అడుగుకి అంటుకున్న కణాలకి 5-ఎఫ్‌యూ అనే కీమో మందు ఇచ్చి 24 గంటల తర్వాత కొలిచాం. హెచ్‌సీటీ-116లో మిర్-34ఏ లేచింది, హెచ్‌టీ-29లో కదల్లేదు. పీ53 ఉంటే లేస్తుంది, పాడైతే లేవదు, 2007లో చాలా ల్యాబులు ఒకేసారి చెప్పిన మాట మా బెంచి మీద కూడా నిలబడింది. ప్రైమర్లు సరిగానే పనిచేస్తున్నాయని కూడా దీంతో తేలింది.

5-ఎఫ్‌యూ వయల్ చేత్తో పట్టుకున్నప్పుడల్లా నాకు మావయ్య చేతికి 46 గంటలు తగిలించి ఉండే ఆ పంపు గుర్తొస్తుంది. ఇవాళ సాయంత్రం అత్తకి ఫోన్ చేసి చెప్పాను. అత్తా, పొలంలో కలుపు మందు కొడతాం కదా, పచ్చగా పెరుగుతున్న ఆకు మాడిపోతుంది, నేలలో తుంగ గడ్డ ఉండిపోతుంది, వాన పడితే మళ్ళీ మొలుస్తుంది, మావయ్య విషయంలో అదే అయ్యుంటుందని మేం అనుకుంటున్నాం అని. అత్త వాళ్ళది చోడవరం దగ్గర పల్లె, తుంగ గురించి నాకంటే ఎక్కువ తెలుసు. కాసేపు మాట్లాడలేదు. "అయితే ఆ గడ్డని తవ్వే మందు కనిపెట్టు" అంది.

పెట్టేసాక నాకు ఇంకొకటి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. తుంగ పోలిక పూర్తిగా సరైంది కాదు. 2017లో ఎల్‌జీఆర్5 అనే స్టెమ్ సెల్ గుర్తు ఉన్న కణాల్ని మాత్రమే చంపి చూసారు, మనిషి పెద్దపేగు క్యాన్సర్ ఆర్గనాయిడ్లని (కణితి కణాల నుంచి ల్యాబ్‌లో పెంచిన బుల్లి కణితుల్ని) ఎలుకల్లో పెట్టి. కణితి తగ్గింది, కానీ చంపడం ఆపగానే మామూలు కణాల్లోంచే మళ్ళీ ఎల్‌జీఆర్5 కణాలు పుట్టి కణితి పెరిగింది. అంటే ఆకే మళ్ళీ గడ్డ కాగలదు. స్టెమ్ సెల్ అన్నది పుట్టుకతో వచ్చే కులం కాదు, కణం ఉండే స్థితి. అలాంటప్పుడు గడ్డని తవ్వేస్తే చాలదు, ఆకు గడ్డగా మారే ఆ స్విచ్‌ని పట్టుకోవాలి, ఆ స్విచ్‌ల్లో మిర్-34ఏ ఒకటి. ఇది అత్తకి ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నా.

సెప్టెంబర్ 24

మిమిక్ ప్రయోగం. మిర్-34ఏలాగే పనిచేసే కృత్రిమ ఆర్‌ఎన్‌ఏని హెచ్‌సీటీ-116లోకి 50 నానోమోలార్ పంపి, పక్కన అర్థంలేని వరుస ఉన్న కంట్రోల్ పెట్టి, 24 గంటల తర్వాత ఒక్కొక్కటిగా వేసాం. మిమిక్ వేసిన ప్లేట్లలో స్ఫియర్ల సంఖ్య బాగా తగ్గింది, ప్రోటీన్ ఎంతుందో గీతగా చూపించే బ్లాట్‌లో నాచ్1 గీత పలచబడింది. సంతోషమే. కానీ కొన్ని బావుల్లో స్ఫియర్లు వచ్చాయి, వచ్చినవి సైజులో కంట్రోల్‌కి ఏ మాత్రం తీసిపోలేదు. చిన్నవైపోయి రాలేదు. అయితే పూర్తిగా లేవు, లేదా పూర్తిగా ఉన్నాయి. మిమిక్ అన్ని కణాల్లోకి సమానంగా వెళ్ళదు కాబట్టి తక్కువ పడినవాటిల్లో బిందె చిన్నదిగానే ఉండి నాచ్1 పొర్లిపోయిందని నా ఊహ. బిందె లెక్కకి సరిపోతోంది.

ఇది చూసి మందు దొరికేసిందనుకోకూడదు. మిర్-34ఏ మిమిక్‌ని ఎంఆర్‌ఎక్స్34 అనే పేరుతో 2013లోనే మనుషుల్లో పరీక్ష మొదలెట్టారు, క్లినిక్ దాకా వెళ్ళిన మొదటి మైక్రో ఆర్‌ఎన్‌ఏ మిమిక్ అదే. 2016లో ఇమ్యూన్ సిస్టమ్‌కి సంబంధించిన తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చి ఆపేసారు. ఒక్క ఆర్‌ఎన్‌ఏ వందల జీన్ల మీద పనిచేస్తుంది, దాన్ని ఒంట్లో అన్ని చోట్లకీ పంపితే అది క్యాన్సర్ కణం దగ్గర మాత్రమే ఆగదు. మా జూనియర్ సెమినార్‌లో ఈ స్లైడు తీసేద్దామంది, నేను ఉంచమన్నాను.

అక్టోబర్ 6

జంట కణాల పరీక్ష మొదలెట్టి ఒక దెబ్బ తిన్నాం. ఒక్క కణాన్ని వేసి, ఒక్కసారి విభజన అయ్యేదాకా ఆగి, ఫిక్స్ చేసి, రెండు పిల్లలకీ రంగులు వెయ్యాలి: స్టెమ్ వైపు ఏఎల్‌డీహెచ్1, మారిపోయిన వైపు సీకే20. హెచ్‌సీటీ-116లో చేసాం. సీకే20 ఎక్కడా వెలగలేదు, నాలుగు స్లైడ్లు చీకటి. యాంటీబాడీ పాడైందనుకుని రెండు రోజులు దానిమీద పడ్డాం. అసలు సంగతి, హెచ్‌సీటీ-116 ఎంత పెరిగినా సరిగా డిఫరెన్షియేట్ కాని (పరిణతి చెందిన పేగు కణంగా మారని) రకం, వెలగడానికి అందులో సీకే20 ఉండాలి కదా. ముందే చూసుకోవాల్సింది. ఇది చదివేవాళ్ళు సెల్ లైన్ ఎంచుకునేముందు అది ఏం చెయ్యగలదో కూడా చూసుకోండి, ఏ మ్యుటేషన్ ఉందన్నది ఒక్కటే చాలదు.

హెచ్‌టీ-29 కొంతైనా డిఫరెన్షియేట్ అవుతుంది. కానీ దాంట్లో పీ53 పాడు. మొదట నిరాశపడ్డాను, మేడమ్ మాత్రం అదే మంచిది అన్నారు. ఎందుకో ఇంటికొచ్చేదారిలో ఆర్కే బీచ్ దగ్గర బస్సు ఆగిపోయినప్పుడు వెలిగింది. 2016లో ఆ 2013 పేపరు రాసిన గ్రూపే ఎల్‌ఎన్‌సీ34ఏ అనే లాంగ్ నాన్-కోడింగ్ ఆర్‌ఎన్‌ఏని కనిపెట్టింది. అది మిర్-34ఏ ప్రమోటర్ (జీన్‌ని ఆన్ చేసే డీఎన్‌ఏ భాగం) దగ్గరకి డీఎన్‌ఎంటీ3ఏ, హెచ్‌డాక్1 అనే ఎంజైముల్ని పిలుచుకొచ్చి ఆ జీన్‌కి తాళం వేయిస్తుంది, పీ53 ఉన్నా లేకపోయినా సరే. కణం విడిపోయేటప్పుడు ఈ పొడుగు ఆర్‌ఎన్‌ఏ రెండు పిల్లలకీ సమానంగా పంచబడదు, అందుకే ఒకదాంట్లో మిర్-34ఏ మూగబోతుంది. ఆ ఇద్దరు పిల్లల్లో ఎవరు ఎటు పోవాలో తేల్చేది అదన్నమాట. పీ53 పాడైన హెచ్‌టీ-29లో కూడా జంటలో తేడా కనిపిస్తే అది పీ53 పని కాదని నేరుగా తెలుస్తుంది. హెచ్‌సీటీ-116లో ఆ మాట చెప్పలేం.

అక్టోబర్ 17

హెచ్‌టీ-29 జంటలు. నిన్న రాత్రి స్టెయిన్ అయ్యాయి, ఇవాళ పొద్దున్నే చీకటి గదిలో కూర్చున్నాం.

చాలా జంటల్లో రెండూ ఒకేలా ఉన్నాయి, రెండూ ఏఎల్‌డీహెచ్1 ఆకుపచ్చగానో, రెండూ సీకే20 ఎర్రగానో. పదకొండు గంటలకి జూనియర్ "అక్కా ఇటు రా" అంది. స్లైడు మూల, రెండు కణాలు ఇంకా ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి, మధ్యలో విడిపోయిన సన్నటి నడుము కూడా కనిపిస్తోంది. ఎడమదాంట్లో ఆకుపచ్చ, ఎరుపు లేదు. కుడిదాంట్లో ఎరుపు, ఆకుపచ్చ దాదాపు లేదు. న్యూక్లియస్‌లు రెండూ ఒకే సైజు. ఎడమ నుంచి, కుడి నుంచి, ఫోకస్ కిందకీ పైకీ తిప్పి చూసాం, ఒకదాని మీద ఒకటి పడిన నీడ కాదు. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఒక్క జంట డేటా కాదు. రెండు వేర్వేరు కణాలు పక్కకొచ్చి ఆగినా ఇలాగే కనిపించొచ్చు, అందుకే వేసిన రోజు చుక్కలు పెట్టిన బావులతో సరిచూసుకుంటున్నాం, ఇది చుక్క ఉన్న బావిదే. మిర్-34ఏని కణంలోనే వెలిగించే ప్రోబ్ ఆర్డర్ పెట్టాం, వచ్చే నెల వస్తుంది. అప్పుడు ఎర్రదాంట్లో అది నిజంగా ఎక్కువుందో లేదో తెలుస్తుంది. డీఎన్‌ఏ మీద తాళంలా పడే మిథైల్ గుర్తుల్ని తగ్గించే డెసిటబిన్ మందు ఇచ్చి తాళం తీస్తే ఇలాంటి జంటలు తగ్గుతాయా అన్నది దాని తర్వాత.

దీపావళికి జూనియర్ వాళ్ళ ఊరు శ్రీకాకుళం వెళ్తోంది. వెళ్ళేలోగా ఎనిమిది స్లైడ్లు లెక్కపెట్టాలి. ఎవరి లెక్క వాళ్ళం వేరే కాగితంలో రాసుకుంటున్నాం, ఒకరిది ఒకరు చూడకుండా, చివర్లో కలుపుతాం. ఇవాళ్టికి మూడు అయ్యాయి.